నట్టు మీది ఎర్ర గీత

ఇనుము చెక్కే లేతు జోలికి వెళ్ళొద్దన్నట్టు మేస్త్రి షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కూతురు ఆయన చేతిలోని తాళంచెవి లాక్కుంది. తండ్రి చేతిని ఆమె తాకడం ఏడాదిలో అదే మొదటిసారి.

ఆమెను ఇంట్లో అందరూ బొంగరం అంటారు. నడక నేర్చిన రోజుల్లో చేతికి దొరికిన ప్రతిదాన్నీ నేలమీద తిప్పి చూసేదట. పెళ్ళయింది, మొగుడు పోయాడు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొగుడు పోయింది తాను పనిచేసే ఇనుము యార్డులో. బరువులెత్తే వించికి కొత్తగా బిగించిన షాఫ్టు, ఆ ఇనుప ఇరుసు, మొదటి పెద్ద బరువుకే విరిగింది. పైకి లేచిన ఇనుప దూలాలు అతని మీద పడ్డాయి. ఆ షాఫ్టు చేసింది మేస్త్రి. విరిగిన ముక్కను బొంగరం చేత్తో తడిమి చూసింది. నున్నగా ఉండాల్సిన ఇనుము ఒంటి నిండా అలలు అలలుగా గీతలు. యార్డు గేటు దగ్గర, అంతమంది ముందు, కన్నతండ్రి మొహం మీదే అనేసింది: "నీ వణికే చేతులు నా మొగుణ్ణి మింగేశాయి."

మేస్త్రి కాదనలేదు. ఇంటికొచ్చి షెడ్డుకు తాళం వేశాడు. బొంగరం పుట్టింటికే వచ్చేసింది. ఆ తర్వాత ఒకే ఇంట్లో తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా బతికారు. తల్లి మధ్యలో నిలబడి ఇద్దరికీ భోజనం వడ్డించింది, ఒకరి మాట ఇంకొకరికి మోసింది.

అలాంటిది, తల్లి జాకెట్టు కుట్టుకోబోతుంటే మేస్త్రి సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం మొన్న బొంగరం కంటపడింది. ఒక్క ప్రయత్నంలో ఎక్కించాడు. వేలు కదల్లేదు.

ఆ చేతులు వణకకపోతే ఆ అలలు ఎవరు గీశారు? తాను ఏడాదిగా ఎవర్ని శిక్షించింది? ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. జవాబు లేతులోనే ఉండాలి. కొత్త బేరింగులు తెచ్చి, వాటిని మార్చే వంకతో దాన్ని విప్పాలనుకుంది. తండ్రి ఎందుకు అడ్డం పడుతున్నాడో తెలియదు. అడ్డం పడుతున్నాడు కాబట్టే విప్పి తీరాలి అనుకుంది.

తాళం తిరిగింది.

లోపల ఏడాది దుమ్ము. రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. బల్ల మీద గోనె కప్పుకుని చిన్న లేతు కూర్చుంది. మేస్త్రి తండ్రి వాడింది. ఇద్దరు మోయగలిగినంత చిన్నది, కానీ దాని మీద తయారవని వస్తువు లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

పక్క షెడ్డులోని వెల్డరు బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా బొంగరం, విప్పడమేనా, మళ్ళీ బిగించడం కూడా వచ్చా? ముందే చెబితే పాత సామాన్ల వాడికి కబురు చేస్తాను."

"బేరింగులు మారుస్తున్నా బాబాయ్. నీ మోకాళ్ళు కూడా పట్టుకురా, ఒకే ఖర్చులో అయిపోతుంది."

"వాటికి సైజు దొరకదమ్మా. చేసిన కంపెనీయే మూసేశారు."

నవ్వుతూనే ఆయన ఇనుప ముక్కల్ని పట్టుకునే చక్‌ను చేత్తో తిప్పాడు. దాన్ని మోసే స్పిండిల్ గరగరమంటూ తిరిగింది. నవ్వు ఆగింది. బొంగరం ఒక పొడవాటి కడ్డీని చక్‌లో బిగించి కొస పట్టుకుని పైకెత్తింది. లోపల ఎక్కడో టక్కుమంది. దింపితే మళ్ళీ టక్కు.

"ఇంత వదులా!" అన్నాడు బాబాయి. "మీ నాన్న మిషన్‌లోనా? ఆయన దీన్ని చంటిపిల్లలా చూసుకున్నాడే."

బొంగరం కడ్డీ తీసి పక్కన పెట్టింది. బెల్టు తప్పించింది. స్పిండిల్ వెనక కొసన ఉన్న రేకు మూత ఊడదీసి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో దుమ్మూ జిడ్డూ తుడిచింది. బేరింగుల్ని బిగించి పట్టే నట్టు బయటపడింది. దాన్ని ఇంకోసారి తుడిచింది. తర్వాత ఆమె చేయి అక్కడే ఆగిపోయింది.

ఆ నట్టును సరిచేయడం ఆ ఇంట్లో ఇద్దరి పని. మేస్త్రి కొక్కెం పానాతో వెనక నట్టు బిగిస్తూ పోతే, తల్లి ముందు నిలబడి చక్‌ను చేత్తో తిప్పి వదిలేది. మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది, వదులైతే స్పిండిల్ ఊగుతుంది. చక్ ఒక్క చుట్టు తిరిగి, అలసిపోయినట్టు ఆగాలి. ఆగిందా, తల్లి "చాలు" అనేది. అప్పుడు మేస్త్రి నట్టు పక్కన చిన్న లాకు స్క్రూ బిగించేవాడు. మర చెడకుండా దాని కింద గోరంత ఇత్తడి ముక్క వేసేవాడు. ఆఖర్న తల్లి గోళ్ళ రంగు సీసా తెచ్చి నట్టు మీంచి స్పిండిల్ మీదికి ఒక ఎర్ర గీత గీసేది. నట్టు వెంట్రుకవాసి జరిగినా గీత తెగి, రెండు ముక్కలూ వేరైపోతాయి. "నా గోళ్ళకి తప్ప ఈ ఇంట్లో అన్నిటికీ వేశాం ఈ రంగు," అని ప్రతిసారీ అనేది. ప్రతిసారీ మేస్త్రి నవ్వేవాడు.

ఇప్పుడు నట్టు మీది గీత ఒకచోట ఉంది. స్పిండిల్ మీది గీత దానికి వేలెడు దూరంలో ఉంది.

"తిరిగీ తిరిగీ అదే వదులైపోయి ఉంటుందిలే," అన్నాడు బాబాయి ఆమె భుజం మీంచి చూస్తూ.

ఆమె లాకు స్క్రూకి పానా పెట్టింది. కదల్లేదు. బలమంతా పెడితే కీచుమని ఒక్కసారి వదిలింది. అంత బిగువుగా ఉంది. స్క్రూ ఊడదీసి అరచెయ్యి కింద పెట్టింది. ఇత్తడి ముక్క జారి అరచేతిలో పడింది.

దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

దానంతట అది వదులయ్యే నట్టు స్క్రూను మళ్ళీ బిగించుకోదు. బయటివాడు విప్పి ఉంటే, ఆ ఇత్తడి ముక్క ఎప్పుడో కిందపడి ఇనుప పొట్టులో కలిసిపోయేది. అలాంటిదొకటి ఉందని వాడికి తెలియదు కాబట్టి దాని కోసం వెతికేవాడూ కాదు. ఈ నట్టును వదులు చేసినవాళ్ళు ఇత్తడి ముక్కను జాగ్రత్తగా పట్టుకున్నారు, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టారు. ఆ అలవాటున్నవాళ్ళు ముగ్గురు. మేస్త్రి తన లేతు తాను చెడగొట్టుకోడు. బొంగరం చెయ్యలేదు.

"బాబాయ్, నువ్వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటా."

"స్పిండిల్ బయటికి రావాలంటే ఇంకో చెయ్యి..."

"వెళ్ళు బాబాయ్."

ఆ గొంతు విని ఆయన కళ్ళద్దాలు దించుకుని వెళ్ళిపోయాడు.

కొయ్యదిమ్మె అడ్డం పెట్టి, సుత్తితో మెల్లగా తట్టుతూ ఒంటరిగానే స్పిండిల్ బయటికి తీసింది. పాత బేరింగులు చూస్తే చాలు, కథంతా తెలుస్తుంది. రోలర్లు తిరిగే గిన్నెల లోపలి భాగం అద్దంలా మెరవాలి, దాని నిండా సన్నటి గాట్లు. రోలర్లు అరిగి మసకబారాయి. వదులుగా ఊగుతున్న స్పిండిల్ వాటిని కొట్టి కొట్టి అలా చేసింది. అలా ఊగే స్పిండిల్ మీద దేవుడు దిగొచ్చి షాఫ్టు చేసినా అలలే వస్తాయి.

*నీ వణికే చేతులు.* తన గొంతు తనకే వినిపించింది. ఆమె గిన్నెలు ఊడగొట్టింది, లోపలంతా కడిగింది, కొత్త గిన్నెలు కూర్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్ళు మాత్రం మసకబారుతూనే ఉన్నాయి. భుజంతో తుడుచుకుంది.

"జరుగమ్మా, కాలుతుంది."

తల్లి వచ్చింది. రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని పాత మూకుడు పట్టుకుంది. మూకుట్లో కాగిన నూనె, నూనెలో కొత్త బేరింగు. వేడెక్కితే బేరింగు కాస్త సాగుతుంది, సుత్తి దెబ్బ అక్కర్లేకుండా స్పిండిల్ మీదికి జారుతుంది. చల్లారితే మాత్రం ఎక్కడుంటే అక్కడే పట్టేస్తుంది. పొద్దున్నే బొంగరం చెప్పి ఉంచిన పని అది.

తల్లి మూకుడు దించి తలెత్తింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద నట్టు, దాని పక్కనే ఇత్తడి ముక్క.

తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వేనా అమ్మా?"

తల్లి నట్టు వంక చూసింది. కూతురి వంక చూసింది. మూకుడు వంక చూసింది.

"ముందు బేరింగు వెయ్యి. చల్లారిపోతుంది."

బొంగరం పటకారుతో బేరింగు తీసింది. తల్లి స్పిండిల్‌ను నిలువుగా పట్టుకుంది. చిన్నప్పటినుంచీ ఎన్నోసార్లు చేసినట్టే, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఇద్దరూ వంగారు. బేరింగు సర్రున జారి తన చోట కూర్చుంది. అది బిగుసుకునేదాకా బొంగరం పైనుంచి నొక్కి పట్టింది. తల్లి వేళ్ళు స్పిండిల్ మీద వణకడం ఆమె అరచేతులకు తెలిసింది.

"ఇప్పుడు చెప్పు."

"నేనే."

"ఎందుకు?"

"ఆయన గుండె." తల్లి స్పిండిల్ వదల్లేదు. "పని మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. నీకు తెలుసు. బతిమాలాను. అలిగాను. తాళంచెవి దాచాను. ఆయన నవ్వేవాడు. ఒకరోజు కాఫీ ఇద్దామని వస్తే, దీని మీద వాలిపోయి ఉన్నాడు. చక్ తిరుగుతూనే ఉంది. జానెడు దూరంలో ఆయన మొహం." ఆమె ఊపిరి తీసుకుంది. "నా మాట వినడు, డాక్టరు మాట వినడు. పని పాడైతే మాత్రం తట్టుకోలేడు. పీసు బాగా రాకపోతే తనకే అసహ్యం వేసి మానేస్తాడనుకున్నాను. నట్టు కాస్త వదిలాను. అంతే."

"అంతేనా!"

"పాడైన పీసును ఆయన ఎప్పుడైనా గడప దాటనిచ్చాడా? దాటనివ్వడన్న ధైర్యంతోనే చేశాను."

"నాన్న చేతులు వణుకుతున్నాయని నాతో చెప్పింది నువ్వే. గేటు దగ్గర నేను ఆ మాట అంటుంటే నా పక్కనే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"ఏడాదమ్మా! ఏడాదిగా నాన్న తన చేతుల్ని తనే చూసుకోలేక తువ్వాలు కింద దాచుకుంటున్నాడు. నువ్వు వడ్డిస్తూ కూర్చున్నావు. ఒక్కసారి, ఒక్కసారైనా నోరు తెరవాలనిపించలేదా?"

"నా తప్పు అదొక్కటే అయితే ఆ రోజే చెప్పేదాన్ని," అంది తల్లి. ఆ వెంటనే పెదవి కొరుక్కుంది.

బొంగరం ఏదో అడగబోయింది. గుమ్మంలో వెలుగు తగ్గింది.

మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఒక చేత్తో గుమ్మం పట్టుకున్నాడు.

"ఆవిణ్ణి ఏమీ అనకు," అన్నాడు.

తండ్రి తనతో నేరుగా మాట్లాడి ఎంత కాలమైందో! బొంగరం ఆయన వైపు తిరిగింది.

"నాన్నా... నీకు తెలుసా?"

"దినాలు అయిన మర్నాడు వచ్చి మూత తీశాను. గీత చూశాను. మూత పెట్టి మళ్ళీ తాళం వేశాను."

"వద్దని అడ్డం పడింది అందుకా? అమ్మ కోసమా?"

ఆయన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తల్లి ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. మొహం ఎత్తలేకపోయింది. మేస్త్రి ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది.

"పీసు అలలుగా రాగానే నట్టు ఎందుకు చూడలేదు నాన్నా? ఎవరైనా ముందు అదే కదా చూస్తారు?"

"ఆ గీత పెట్టింది మీ అమ్మ. దాన్ని సరిచూడాలని నాకెప్పుడూ తోచలేదు. అప్పటికి మందులు మింగుతున్నాను కదా, చేతులు వణకొచ్చని డాక్టరు ముందే అన్నాడు. నా చేతులే అనుకున్నాను." ఒక చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. "కానీ బొంగరం, ఆ షాఫ్టు నేను ఇవ్వలేదు."

మూకుట్లో నూనె చల్లారుతూ చిటపటమంది.

"ఇవ్వలేదంటే?"

"షాఫ్టు లావు నుంచి సన్నానికి తిరిగే మూల దగ్గర లోతుగా గాటు పడింది. బరువు పడితే అక్కడే విరుగుతుందని చూడగానే తెలిసింది. పక్కన పెట్టేశాను. మర్నాడు ఇంకోటి చేద్దామనుకున్నాను."

"పక్కన పెట్టలేదు మీరు," అంది తల్లి నేల చూస్తూనే. "నూనె గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టారు."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

చెడిన పీసు ఏమీ చుట్టకుండానే పొట్టు డబ్బాలోకి పోతుంది. బాగా వచ్చిన పీసుకే నూనె రాసి గుడ్డ చుడతారు. ఆ షెడ్డులో గుడ్డ చుట్టారంటే మేస్త్రి సరే అన్నట్టు. దానికి ఇంకో అర్థం ఎన్నడూ లేదు.

"సిగ్గేసింది," అన్నాడాయన. "ఇన్నేళ్ళ పని చేసి అలాంటి పీసు తీశానని ఎవరి కంటా పడకూడదనుకున్నాను. డబ్బాలో వేస్తే బాబాయి చూస్తాడు, నువ్వు వస్తే చూస్తావు. అందుకని చుట్టేశాను. సాయంత్రం గుండెల్లో నొప్పిగా ఉంటే వెళ్ళి పడుకున్నాను. మందుల మత్తు వదిలి లేచేసరికి మర్నాడు పొద్దెక్కింది, బల్ల మీద అది లేదు, యార్డుకు పరిగెత్తేలోపే కబురొచ్చింది."

"మరి అప్పుడే చెప్పాలి కదా నాన్నా! నేనివ్వలేదు, ఎవరో తీసుకెళ్ళారు అని ఒక్క మాట అంటే..."

"ఎవరో ఎందుకవుతారు? అల్లుడే అనుకున్నాను. వించి ఆగిపోయిందని అంతకు ముందు రెండుసార్లు వచ్చి తొందర పెట్టాడు. గుడ్డ చుట్టి ఉంది, అయిపోయిందనుకుని పట్టుకెళ్ళుంటాడు." మేస్త్రి కూతురి కళ్ళలోకి చూశాడు. "మొగుడు పోయి గేటు దగ్గర కూలబడిన పిల్లతో, నీ మొగుడే తెచ్చుకున్నాడమ్మా ఆ చావు అని ఎలా అనమంటావు? నన్ను తిడితే నీకు కాస్త బరువు దిగుతుందనుకున్నాను. తిట్టనీ అనుకున్నాను."

బొంగరం వెళ్ళి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టేసింది. ఏడ్చింది. ఆ రెండు చేతులూ తీసుకుని మొహానికి అదుముకుంది. ఇనుము వాసన లేని తండ్రి చేతులు ఎలా ఉంటాయో ఆమెకు అంతవరకూ తెలియదు. "నాన్నా, నన్ను కొట్టు నాన్నా," అంది. ఆయన కొట్టలేదు. ఆమె జుట్టులో ఇరుక్కున్న ఇనుప పొట్టు ఒక్కొక్కటే ఏరి నేల మీద పడేశాడు.

ఏడుపు మధ్యలోనే ఆమె ఉన్నట్టుండి ఆగింది. తల ఎత్తింది.

"ఏ సాయంత్రం నాన్నా అది?"

"అల్లుడు పోయే ముందు రోజు."

"ఆ సాయంత్రం ఆయన మా ఇంట్లోనే ఉన్నారు. నాతోనే." ఆమె మెల్లగా లేచి నిలబడింది. "మధ్యాహ్నం నుంచీ మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతూ కూర్చున్నారు. ట్యాంకులోకి దిగి రాగం లేని పాటలు పాడారు, లోపల గొంతు బాగా మోగుతోందని. చీకటి పడేదాకా బకెట్లు అందించింది నేనే. ఆయన ఇక్కడికి రాలేదు. మర్నాడు పొద్దున్న యార్డు నుంచి ఫోను చేసి, మామయ్య షాఫ్టు పంపేశాడోయ్ అన్నారు. నువ్వే పంపావనుకున్నాను."

మేస్త్రి స్టూలు మీంచి లేచాడు. "నేను ఎవరికీ ఇవ్వలేదు."

ఇద్దరూ ఒకేసారి తల్లి వైపు తిరిగారు.

తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బొంగరం వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు నోట్లోంచి లాగేసింది.

"అమ్మా. నువ్వే ఇచ్చావా?"

"గుడ్డ చుట్టి ఉంది కదా. నట్టు వదిలినా ఎలాగో బాగానే తీశాడు మా ఆయన అనుకున్నాను. పిచ్చిదాన్ని, గర్వపడ్డాను కూడా."

"ఎవరికిచ్చావు?"

"యార్డు టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. మర్యాదగానే మాట్లాడాడు." తల్లి కూతురి చెంప మీద చెయ్యి వేసింది. "ఆ షాఫ్టు ఎలా గడప దాటిందో నీకు తెలిస్తే నువ్వు బతకవని భయపడ్డానే. అది నాతోనే పోవాలనుకున్నాను. నీ నోటితో నువ్వు మీ నాన్నని ఎన్ని మాటలన్నా ఊరుకున్నాను, నిన్ను నువ్వు అనుకోకుండా ఉంటే చాలని."

"నన్ను నేనెందుకు అనుకుంటాను? ఏం చెప్పాడమ్మా వాడు?"

"నువ్వు పంపావన్నాడు. షాఫ్టు ఇచ్చెయ్యమని నువ్వే చెప్పి పంపావన్నాడు."

బొంగరం తల్లి చేతిని చెంప మీదే గట్టిగా పట్టుకుంది. ఆమె గొంతు ఎక్కడో ట్యాంకు అడుగునుంచి వచ్చినట్టుంది.

"నేను ఎవర్నీ పంపలేదమ్మా."